వాహనాల పొగ, మోత – మన ఇరుగుపొరుగు

‘తన కంపు తనకింపు’ అన్న సామెత మోటారు వాహనానికి వర్తించినంత చక్కగా మరి దేనికీ వర్తించదేమో! ఏ కారునైనా పరిశీలించండి. నడిపే వ్యక్తి ముందు కూర్చుంటాడు. పొగ గొట్టం వెనుక ఉంటుంది. అద్దాలు బిగించుకొని లోపల కూర్చున్న వారికి తమ ఇంజను చప్పుడు మంద్రమైన గుసగుసలా వినిపిస్తుంది. ఆ గొట్టానికి ఎదురుగా నివసించే వారికి అదే చప్పుడు నిద్రాభంగం. అదే పొగ ఊపిరికి భారం. పుట్టించేది ఒకరు, అనుభవించేది మరొకరు. వాహన కాలుష్యంలో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉన్నది. దుర్బుద్ధితో పొరుగువారిని బాధించేవారు అరుదు. తమ వాహనం ఇతరులకు ఎలా వినిపిస్తున్నదో, ఎలా తగులుతున్నదో తెలియక బాధించేవారే అధికులు. ఆ తెలియనితనాన్ని కొంతవరకైనా తొలగించడానికి విజ్ఞానశాస్త్రం ఎలా తోడ్పడుతుందో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గోడలోని గుండ్రని రంధ్రం

ఐర్లండు మధ్యభాగంలో, డబ్లిన్ నగరానికి నైరుతి దిశలో సుమారు 80 కిలోమీటర్ల దూరాన, లీష్ కౌంటీలో పోర్ట్‌లీష్ పట్టణం ఉన్నది. 2022 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనసంఖ్య 23 వేలకు పైబడింది. ఒకప్పుడు డబ్లిన్ నుండి కార్క్, లిమరిక్ నగరాలకు పోయే వాహనాలన్నీ ఈ ఊరి నడిబొడ్డు నుండే సాగేవి. 1997లో ఎం7 రహదారి ఊరి వెలుపలి నుండి వెళ్ళేలా పూర్తయిన తరువాత ఆ భారీ వాహనాల రద్దీ తొలగింది. అయితే పట్టణం పెరిగిన కొద్దీ కొత్త కాలనీలు వెలిశాయి. ఉద్యోగాల కోసం డబ్లిన్ వైపు రోజూ ప్రయాణించేవారు ఈ ఇళ్ళలో స్థిరపడ్డారు. అలా వచ్చినవారిలో మన తెలుగు కుటుంబాలు కూడా ఉన్నాయి.

ఈ కాలనీలలోని ఇళ్ళు సాధారణంగా రెండేసి ఒకే గోడను పంచుకొని ఉంటాయి. ఇంటి ముందు కారు నిలిపే చోటు పక్కింటి పడకగది కిటికీకి నాలుగైదు బారల దూరంలోనే ఉంటుంది. మరొక విశేషం కూడా ఉన్నది. గదులలో చెమ్మ పట్టకుండా, గాలి ఆడడానికి గోడకు గుండ్రని రంధ్రం ఒకటి వదిలి, దానికి జల్లెడ వంటి మూత అమరుస్తారు. కిటికీ మూసినా ఈ రంధ్రం తెరిచే ఉంటుంది. భారతదేశం నుండి కొత్తగా వచ్చినవారు ‘ఇదేమిటి, ఇంత చలి దేశంలో గోడకు చిల్లు!’ అని ఆశ్చర్యపడడం కద్దు.

మేము ఇక్కడ కాపురం పెట్టిన తొలి రెండు శీతాకాలాలలో ఒక అలవాటు చేసుకున్నాము. ఉదయం ఆరున్నరకు మా పాత డీజిల్ కారును స్టార్టు చేసి, ముందు అద్దం మీది మంచు కరగడానికి పది నిమిషాలు అలాగే వదిలి, లోపలికి వచ్చి కాఫీ తాగేవాడిని. పక్కింట్లో ఒక వృద్ధ దంపతులు ఉండేవారు. ఆ పెద్దాయన ఒకటి రెండు సార్లు చిరునవ్వుతో, ‘ఈ చలికి మీ కారు ఇబ్బంది పెట్టకుండా మొదలవుతున్నదా?’ అని అడిగారు. అది కుశలప్రశ్న అని భావించి, ‘దివ్యంగా నడుస్తున్నదండీ’ అని జవాబు చెప్పాను. రెండవ సంవత్సరం క్రిస్మసుకు మేము అరిసెలు పట్టుకొని వారింటికి వెళ్ళాము. ఇంటావిడ ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడుతూ ముందు గదిలోనే పడుకొని ఉన్నారు. ఆ గది గోడలోని గుండ్రని రంధ్రంలో వార్తాపత్రికల కాగితాలు ఉండలు చేసి కుక్కి ఉన్నాయి. నేను అటు చూడడం గమనించి ఆమె, ‘పొద్దుటిపూట చలిగాలి కొడుతుంది బాబూ’ అన్నారు. ఆ రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఉన్నది మా కారు పొగ గొట్టం.

ఐరిష్ వారిలోనూ మన మొహమాటం వంటి గుణమే ఒకటి ఉన్నదని ఆనాడు తెలిసింది. వారు ఫిర్యాదు చేయలేదు; కుశలమడిగారు. నేను అర్థం చేసుకోలేదు. ఆ రాత్రి నుండి ఈ విషయమై చదవడం ప్రారంభించాను. తెలుసుకున్నది ఈ దిగువ వివరిస్తున్నాను.

ఇంజనులో జరిగేది ఏమిటి?

పెట్రోలు, డీజిలు రెండూ ప్రధానంగా ఉదజని, కర్బనాల సమ్మేళనాలు. ప్రాణవాయువుతో పూర్తిగా మండితే వీటి నుండి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి మాత్రమే రావాలి. కాని ఇంజనులో దహనం సెకనులో స్వల్ప భాగంలో ముగిసిపోవాలి. ఆ తొందరలో కొంత ఇంధనం సగం సగంగా మండి కార్బన్ మోనాక్సైడ్‌గా, మసిగా, మండని ఆవిరిగా మిగిలిపోతుంది. ఆ వేడికి గాలిలోని నత్రజని సైతం ప్రాణవాయువుతో కలసి నైట్రోజన్ ఆక్సైడులు ఏర్పడతాయి.

పరిమాణాలు గమనించండి. ఒక లీటరు డీజిల్ మండడానికి కనీసం 12 కిలోల గాలి, అంటే సుమారు 10 ఘనమీటర్ల గాలి కావాలి. పెద్ద శ్రమ చేయని మనిషి ఒక రోజంతా పీల్చే గాలి కూడా దాదాపు అంతే. నిలిపి ఉంచిన కారు ఇంజను గంటకు అర లీటరు నుండి ఒక లీటరు వరకు ఇంధనం తాగుతుంది. నవంబరు నుండి మార్చి వరకు 150 ఉదయాలు, ఉదయానికి పది నిమిషాల చొప్పున లెక్కిస్తే మొత్తం 25 గంటలు. గంటకు 0.6 లీటరు అనుకున్నా 15 లీటర్ల డీజిల్. అంటే ఒక మనిషికి రెండు వారాలకు సరిపడే గాలిని, ఒక్క అంగుళం కూడా ప్రయాణించకుండా, పొగగా మార్చి పక్కింటి గోడకు అప్పగించామన్న మాట! దానితో పాటు వెలువడిన కార్బన్ డయాక్సైడ్ సుమారు 40 కిలోలు.

పొగ రంగు చెప్పే జాతకం

వైద్యుడు నాలుక రంగు చూసి రోగం ఊహించినట్లు, మెకానిక్ పొగ రంగు చూసి ఇంజను స్థితిని ఊహిస్తాడు. ఈ విద్యలో మొదటి పాఠాలు అందరూ నేర్చుకోదగినవే.

నల్లని పొగ వస్తే ఇంధనం ఎక్కువై, గాలి చాలడం లేదని అర్థం. గాలి ఫిల్టరు దుమ్ముతో పూడుకుపోవడం, ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టర్లు చెడిపోవడం సామాన్య కారణాలు. నీలి పొగ వస్తే ఇంజను ఆయిలు దహన కుహరంలోకి చొరబడి మండుతున్నదని అర్థం. పిస్టన్ రింగులో, వాల్వు సీళ్ళో అరిగిపోయి ఉంటాయి. చలి ఉదయం తెల్లగా వచ్చి వెంటనే గాలిలో కరిగిపోయేది చాలావరకు నీటి ఆవిరే. దానిని చూసి భయపడనక్కర లేదు. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లని పొగ వదలకుండా వస్తూ, ఘాటైన వాసన వేస్తే మండని డీజిలో, దహన కుహరంలోకి కారిన రేడియేటరు ద్రవమో కావచ్చు.

1990వ దశకంలో హైదరాబాదులోని కోఠి, ఆబిడ్స్ చౌరస్తాలలో నిలబడిన వారికి నీలి పొగను గురించి ప్రత్యేకంగా చెప్పవలసిన పని లేదు. ఆనాటి ఆటోలలో, స్కూటర్లలో అధిక భాగం టూ స్ట్రోక్ ఇంజనులు. వాటిలో ఆయిలును పెట్రోలులోనే కలిపి పోయాలి. ఆ ఆయిలు కూడా మండి బయటకు రావలసిందే. పైగా కొత్త ఇంధనం లోనికి వచ్చే సమయంలోనే పాత పొగ బయటకు పోతుంది కనుక, కొంత ఇంధనం మండకుండానే జారిపోతుంది. ఆయిలు ఎక్కువ పోస్తే ఇంజను ఎక్కువ కాలం మన్నుతుందన్న నమ్మకంతో అవసరానికి మించి పోసేవారు. నమ్మకం ఆటోవాలాది, దగ్గు చౌరస్తాలోని కానిస్టేబులుది. కాలక్రమాన నియమాలు కఠినమయ్యాయి. హైదరాబాదు వంటి నగరాలలో 2010లోను, దేశమంతటా 2017లోను భారత్ స్టేజి 4 ప్రమాణాలు, 2020 ఏప్రిల్ 1 నుండి దేశమంతటా స్టేజి 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాయి.

చల్లని ఇంజను – చల్లారని అపోహ

‘బయలుదేరే ముందు ఇంజనును కాసేపు వేడెక్కనివ్వాలి’ అన్నది పాత కార్బ్యురేటరు కాలపు సలహా. ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో కొలిచి చిమ్మే నేటి ఇంజనులకు అది వర్తించదు. పైగా అది హానికరం.

నేటి కార్ల పొగ మార్గంలో ఉత్ప్రేరక పరివర్తకం అనే పరికరం ఉంటుంది. ప్లాటినం, పలాడియం వంటి లోహాల పలుచని పూత గల తేనెపట్టు వంటి నిర్మాణమిది. విషవాయువులు దీని గుండా పోయేటప్పుడు చాలావరకు హాని లేని పదార్థాలుగా మారుతాయి. అయితే ఇది చక్కగా పనిచేయాలంటే సుమారు 250 నుండి 300 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కాలి. నిలిపి ఉంచిన ఇంజను చాలా తక్కువ వేడిని పుట్టిస్తుంది. పరివర్తకం ఎంతకూ మేలుకోదు. నెమ్మదిగా కారును ముందుకు నడిపితే ఆ పని చాలా త్వరగా అవుతుంది. అంటే, పొరుగువారి కిటికీ ముందు మనం వదిలే పది నిమిషాల పొగ ఆ ప్రయాణం మొత్తంలోకీ అతి మురికి పొగ.

డీజిల్ కార్లలో దీనికి తోడు మసిని పట్టే వడపోత ఒకటి ఉంటుంది. యూరపులో 2009 తరువాత వచ్చిన యూరో 5 ప్రమాణాల వల్ల ఇది దాదాపు ప్రతి కొత్త డీజిల్ కారులోనూ చేరింది. సరిగా పనిచేస్తే మసి కణాలలో నూటికి తొంభైకి పైగా ఇది పట్టేస్తుంది. పట్టిన మసిని అప్పుడప్పుడు సుమారు 600 డిగ్రీల వేడిలో తనంతట తానే కాల్చి శుభ్రపరచుకోవాలి. బడికి, బజారుకు కిలోమీటరు, రెండు కిలోమీటర్లు మాత్రమే తిరిగే కారులో ఆ వేడి ఎన్నటికీ రాదు. వడపోత పూడుకుపోతుంది. అప్పుడు కొందరు దానిని పీకివేయించుకుంటారు. అది చట్టవిరుద్ధం మాత్రమే కాదు. ఇల్లు ఊడ్చి చెత్తను పక్కింటి వాకిట్లో పోయడం వంటిది. వారానికి ఒకసారి ఎం7 వంటి రహదారి మీద ఇరవై నిమిషాలు నిలకడగా నడిపితే చాలావరకు ఆ సమస్యే రాదు.

కనిపించని ధూళి

కనిపించే పొగ కంటె కనిపించని ధూళి మరింత ప్రమాదకరం. మిల్లీమీటరులో వెయ్యవ వంతు ఒక మైక్రాను. రెండున్నర మైక్రానులు, అంతకంటె చిన్నవి అయిన కణాలను పి.ఎం. 2.5 అంటారు. తల వెంట్రుక మందంలో ఇవి ఇరవై ఐదవ వంతు కూడా ఉండవు. ముక్కులోని వెంట్రుకలు, గొంతులోని శ్లేష్మం వీటిని ఆపలేవు. ఊపిరితిత్తుల చివరి గాలిగదుల వరకు చేరగలవు. డీజిల్ మసి కణాలలో ఎక్కువ భాగం ఇంకా చిన్నవి. 2012 జూన్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా విభాగం డీజిల్ పొగను మానవులలో క్యాన్సరు కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. 2021లో ఆ సంస్థ సవరించిన మార్గదర్శకాల ప్రకారం గాలిలో పి.ఎం. 2.5 సాలుసరి సగటు ఘనమీటరుకు 5 మైక్రోగ్రాములు మించకూడదు.

నిజం చెప్పవలసి వస్తే, ఐర్లండు పట్టణాలలో శీతాకాలపు ధూళికి ప్రధాన కారణం వాహనాలు కావు. ఇళ్ళలో కాల్చే బొగ్గు, పీటు, తడి కట్టెలు. డబ్లిన్‌లో పొగ బొగ్గు అమ్మకాన్ని 1990 సెప్టెంబరు 1 నుండి నిషేధించగా, గాలిలోని నల్లని పొగ దాదాపు 70 శాతం తగ్గింది. క్రమంగా ఆ నిషేధం ఇతర పట్టణాలకు విస్తరించి, 2013లో పోర్ట్‌లీష్‌ను చేరింది. 2022 అక్టోబరు 31 నుండి ఘన ఇంధనాల కొత్త నియమాలు దేశమంతటా అమలయ్యాయి. రోడ్ల పక్కన నైట్రోజన్ డయాక్సైడ్‌కు మాత్రం వాహనాలే ముఖ్య కారణం.

దీనిలో గుర్తుంచుకోదగిన పాఠం ఒకటి ఉన్నది. 2008 జూలై నుండి ఐర్లండులో కొత్త కార్లపై పన్నును కార్బన్ డయాక్సైడ్ పరిమాణాన్ని బట్టి విధించసాగారు. భూతాపాన్ని తగ్గించాలన్న ఉద్దేశం మంచిదే. డీజిల్ కారు అదే దూరానికి తక్కువ ఇంధనం వాడుతుంది కనుక దానిపై పన్ను తగ్గింది. కొన్ని సంవత్సరాలలోనే కొత్త కార్లలో మూడింట రెండు వంతులకు పైగా డీజిల్ కార్లే అయినాయి. భూగోళానికి మేలు చేయబోయి, వీధిలోని గాలికి నైట్రోజన్ ఆక్సైడులను చేర్చినట్లయింది. పరీక్షాగారంలో ఒక తీరుగా, రోడ్డు మీద మరొక తీరుగా పొగ వదిలే కార్ల బాగోతం 2015లో ప్రపంచమంతటా బయటపడింది. ప్రపంచ హితం, పొరుగు హితం ఎల్లప్పుడూ ఒకటే కావు. రెంటినీ వేర్వేరుగా కొలుచుకోవాలి.

స్థలకాలాలు కూడా ముఖ్యమే. మామూలుగా నేల దగ్గరి గాలి వెచ్చగా, పై గాలి చల్లగా ఉండి, వెచ్చని గాలి పైకి లేచేటప్పుడు పొగను కూడా మోసుకుపోతుంది. మబ్బు, గాలి లేని చలి రాత్రులలో నేల త్వరగా చల్లబడి, దాని మీది గాలిని కూడా చల్లబరుస్తుంది. పై పొర వెచ్చగా ఉండి మూకుడు మీద మూతలా పనిచేస్తుంది. దీనినే ఉష్ణోగ్రతా విలోమం అంటారు. అద్దం మీద మంచు పేరుకునే ఉదయాలు చాలావరకు సరిగ్గా ఇటువంటివే. మనం ఇంజను ఎక్కువసేపు నడిపే రోజే పొగ ఎటూ పోలేని రోజు కావడం గమనార్హం.

మోత లెక్క

ధ్వని తీవ్రతను డెసిబెల్ అనే ప్రమాణంలో కొలుస్తారు. ఇది మామూలు కూడిక లెక్క కాదు. పది డెసిబెల్‌లు పెరిగితే ధ్వని శక్తి పది రెట్లు అవుతుంది. చెవికి మాత్రం సుమారు రెట్టింపుగా తోస్తుంది. ఇరవై పెరిగితే శక్తి వంద రెట్లు. 70 డెసిబెల్‌ల వాహనానికి సైలెన్సరు మార్చి 90 డెసిబెల్‌లు చేసిన యువకుడు వంద వాహనాలను ఒక్కసారిగా ఆ వీధిలోకి తెచ్చినట్లు లెక్క.

దూరం పెరిగితే మోత తగ్గుతుంది. ఆరుబయట ఒకచోట నుండి వచ్చే ధ్వని, దూరం రెట్టింపైనప్పుడల్లా ఆరు డెసిబెల్‌లు తగ్గుతుంది. ఉదాహరణకు, ఒక మీటరు దూరంలో 70 డెసిబెల్‌లు ఉన్న ఇంజను, ఎనిమిది మీటర్ల దూరంలో 52 డెసిబెల్‌లుగా వినిపిస్తుంది. కొద్దిగా తెరిచిన కిటికీ మరొక 15 తగ్గిస్తుందనుకుంటే, పడకగదిలో 37. పడకగదిలో నిలకడగా ఉండే ధ్వని 30 డెసిబెల్‌లు మించకుంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో సూచించింది. మామూలు కారే ఆ హద్దు దాటింది. 90 డెసిబెల్‌ల మోటారు సైకిలైతే పడకగదిలో 57! ఎదురెదురు గోడలున్న ఇరుకు వీధులలో ధ్వని ప్రతిఫలించి ఇంతకంటె తక్కువగా తగ్గుతుంది.

నిద్రపోయేవాడి చెవి నిద్రపోదు. మెలకువ రాకపోయినా మోతకు గుండె వేగం, రక్తపోటు స్పందిస్తాయి. నిద్ర లోతు తగ్గుతుంది. దీర్ఘకాలంలో రహదారి మోతకు, హృద్రోగానికి సంబంధమున్నదని పరిశోధనలు తెలుపుతున్నాయి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరపు విభాగం రాత్రివేళ రహదారి మోత సగటున ఇంటి వెలుపల 45 డెసిబెల్‌లకు లోబడి ఉండాలని సిఫారసు చేసింది. రాత్రి అంటే అందరికీ రాత్రే కాదన్నది కూడా మరువరాదు. పోర్ట్‌లీష్‌లో ఆసుపత్రి ఉన్నది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు నిద్రించే నర్సులలో మన దేశం నుండి వచ్చిన ఆడపడుచులు కూడా ఉన్నారు. వారికి మధ్యాహ్నం పన్నెండే నడిరేయి.

ఇక సైలెన్సరు సంగతి. ఇంజను నుండి పొగ తుపాకి పేలుళ్ళ వలె విడతలు విడతలుగా వెలువడుతుంది. సైలెన్సరులోని గదులు, చిల్లుల గొట్టాలు ఆ ధ్వని తరంగాలను వెనుకకు తిప్పి, ఒక తరంగపు ఎత్తు మరొక తరంగపు పల్లంతో కలిసి అణగిపోయేలా చేస్తాయి. మిగిలిన దానిని గాజు నూలు వంటి పదార్థం పీల్చుకుంటుంది. దీనిని తొలగిస్తే బండికి బలం వస్తుందన్నది చాలావరకు భ్రమ. మోత పెరిగితే వేగం పెరిగినట్లు అనిపిస్తుంది, అంతే. ఖాళీ కుండ మోత ఎక్కువ అన్న సామెత ఉండనే ఉన్నది.

చట్టం ఎక్కడ ఆగుతుంది?

ఐర్లండులో 2000 సంవత్సరం నుండి కార్లకు జాతీయ పరీక్ష అమలులో ఉన్నది. నాలుగేళ్ళు నిండిన కారును మొదటిసారి, పదేళ్ళ వరకు రెండేళ్ళకొకసారి, ఆపైన ఏటా పరీక్షించాలి. పొగ పరీక్ష అందులో భాగం. రాత్రి పదకొండున్నర నుండి ఉదయం ఏడు వరకు ప్రమాదాన్ని తప్పించడానికి తప్ప హారన్ మోగించరాదు. మోత భరించలేని పౌరుడు 1994 నాటి నియమాల ప్రకారం స్వయంగా జిల్లా న్యాయస్థానాన్ని ఆశ్రయించవచ్చు. భారతదేశంలో 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌ల పరిమితిని విధించాయి. 2019 సవరణ తరువాత పొగ, మోతల నియమాలను మీరిన వాహన చోదకునికి పది వేల రూపాయల వరకు జరిమానా పడవచ్చు.

ఇవన్నీ అవసరమే. కాని మా పాత కారు పరీక్షలో ఉత్తీర్ణత పొందిన కారే! పరీక్షాధికారి వేడెక్కిన ఇంజనును కొలిచాడు. పక్కింటి ఇల్లాలు చల్లని ఇంజనును పీల్చింది. చట్టం సగటును కొలుస్తుంది. పొరుగువారు ఆ క్షణాన్ని అనుభవిస్తారు. చట్టానికీ, అనుభవానికీ నడుమ ఉన్న ఆ జాగాను పూడ్చవలసినది మన ఇంగితజ్ఞానమే.

మనము చేయదగినవి

మంచు పడే రాత్రి ముందు అద్దం మీద ఒక పాత దుప్పటినో, అట్టనో కప్పితే ఉదయం గీకే పని ఉండదు. కప్పడం మరచితే ప్లాస్టిక్ గీకుడు బిళ్ళతో రెండు నిమిషాల పని. మరిగే నీళ్ళు మాత్రం పోయరాదు, అద్దం పగులుతుంది. అద్దమంతా శుభ్రమైన తరువాతనే ఇంజను స్టార్టు చేసి, వెంటనే నెమ్మదిగా బయలుదేరాలి. వీలైతే పొగ గొట్టం రోడ్డు వైపు ఉండేలా కారును నిలపాలి. పిల్లల కోసం బడి గేటు ముందు వేచి ఉన్నప్పుడు ఇంజను ఆపాలి. ఎత్తులో పొగ గొట్టానికి అతి దగ్గరగా ఉండే ముక్కులు పిల్లలవే. పొగ రంగు మారినప్పుడు పరీక్ష తేదీ కోసం చూడక మెకానిక్‌కు చూపాలి. విద్యుత్తు కారు కొనగలిగితే పొగ గొట్టమే ఉండదు. అయినా టైర్ల, బ్రేకుల అరుగుదల ధూళి ఉంటుంది కనుక నెమ్మదిగా నడపడం అప్పటికీ పుణ్యమే.

మన సంఘాల ఉత్సవాల విషయం ప్రత్యేకించి మనవి చేస్తాను. ఉగాదికో, దీపావళికో ఊరి హాలు అద్దెకు తీసుకొని, రాత్రి పదకొండు వరకు ఆటపాటలతో ఆనందిస్తాము. ఆ హాలు చుట్టూ ఇళ్ళుంటాయి. కార్యక్రమం ముగిసిన తరువాత వీడ్కోలు మాటలు అరగంట సాగుతాయి. అంతసేపూ ఇరవై కార్ల ఇంజనులు నడుస్తూనే ఉంటాయి, తలుపులు ధడేలుమంటూనే ఉంటాయి, చివరగా ఆత్మీయతతో ఒక హారన్! వీడ్కోళ్ళు హాలు లోపలే ముగించుకొని, పిల్లలను కూర్చోబెట్టి, ఆ తరువాతనే ఇంజను స్టార్టు చేసే పద్ధతిని మన సంఘం తరఫున ప్రకటించి పాటిస్తే బాగుంటుంది. వచ్చే ఏడు అదే హాలు అడిగినప్పుడు ఆ మర్యాదే మనకు సిఫారసు.

మూడవ శీతాకాలంలో నేను గీకుడు బిళ్ళ పట్టుకొని అద్దం గీకుతుండగా, పక్కింటి పెద్దాయన వాకిట నిలబడి చూసి, ‘కారు పాడైందా?’ అని అడిగారు. ఈసారి ప్రశ్న అర్థమైంది. ‘కారు బాగానే ఉన్నదండీ, నేనే కొంత బాగుపడ్డాను’ అన్నాను. ఆయన నవ్వి లోపలికి వెళ్ళారు. ఆ సంక్రాంతికి మళ్ళీ అరిసెలు తీసుకొని వెళ్ళినప్పుడు, ముందు గది గోడలోని గుండ్రని రంధ్రంలో కాగితాలు లేవు.